అవ్వ వడికిన నూలు చెరిగిపోలేదు

మొన్న అటక సర్దుతుంటే మా పెళ్లి వీడియో క్యాసెట్ దొరికింది. రీలంతా బూజు పట్టిపోయింది. మూడు గంటల ఆ క్యాసెట్లో మా అవ్వ కనిపించేది ఒకేఒక్క చోట, వంటల దగ్గర పీట మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ. అదీ వీడియో అతను పందిరిని తీస్తుంటే పొరపాటున పడింది. ఇప్పుడదీ పోయింది.

ఆ దిగులుతోనేనేమో, మిల్టన్ మనాకి కథ చదివినప్పుడు నాకు మనసు ఆగలేదు. ఆయనా, ఆయన అన్న యానాకీ సినిమా కెమెరా చేతికి రాగానే ముందుగా తీసింది ఏ రాజునో కాదు. ఇంట్లో ఉన్ని వడుకుతున్న వాళ్ల అవ్వ డెస్పినాను!

మిల్టన్ 1882లో పిండస్ కొండల్లోని అవ్‌దెల్లా అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది గ్రీసు దేశంలో ఉంది కానీ అప్పట్లో టర్కీ సుల్తాను ఏలుబడిలో ఉండేది. వీళ్లు వ్లాకులు. గొర్రెల మందలతో వేసవిలో కొండలకీ, చలికాలం మైదానాలకీ తిరిగే జనం. ఉన్నే వాళ్లకు కూడూ గుడ్డా. ఇక వడకడం, నేయడం అంటారా, అవి ఎవరి చేతుల మీద పడతాయో మనకు వేరే చెప్పాలా!

నాలుగేళ్లు పెద్దవాడైన యానాకి డ్రాయింగు మాస్టారు. 1898లో యానినా పట్నంలో ఫోటో స్టూడియో పెడితే తమ్ముడు అక్కడే పని నేర్చుకున్నాడు. 1905లో మకాం మొనాస్టిర్‌కు మార్చారు. ఈనాటి బితోలా అదే. ఆ ఏడే యానాకి లండన్ వెళ్లి, చార్లెస్ అర్బన్ వారి బయోస్కోప్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడట. దాని మీద నంబరు 300.

ఇక డెస్పినా అవ్వ. ఆవిడకు అప్పటికి 114 ఏళ్లని చెబుతారు. నిజమా అని అడక్కండి. మా అవ్వ కూడా ఉప్పెన ఏడు పుట్టానంటుందే గానీ, ఏ ఉప్పెనో చెప్పేది కాదు. నిమిషం పాటు సాగే మూగబొమ్మ అది. తోటి ఆడవాళ్లతో కలిసి అవ్వ ఉన్ని పని చేసుకుంటూ ఉంటుంది, అంతే. కథ లేదు, పాట లేదు. బాల్కన్ నేల మీద తీసిన తొలి చిత్రాల్లో ఒకటిగా దాన్ని ఇవాళ పుస్తకాల్లో రాస్తున్నారు.

తర్వాత అన్నదమ్ములు ఊళ్ల వెంట పడ్డారు. సంతలు, పెళ్లిళ్లు, చెట్ల కింద బడి, మందలతో తరలిపోయే వ్లాకులు, అన్నీ తీశారు. పేరు కూడా వచ్చింది. 1906లో రుమేనియా రాజు కరోల్ వీళ్లను ఆస్థాన ఫోటోగ్రాఫర్లను చేశాడు. 1911లో సుల్తాను మొనాస్టిర్‌కు వస్తే ఆ ఊరేగింపునూ చిత్రించారు.

మరుసటేడే, 1912లో, బాల్కన్ యుద్ధం వచ్చిపడింది. 1913 నాటికి సరిహద్దులు కొత్తగా గీశారు. పుట్టినూరు గ్రీసుకు పోయింది, కాపురమున్న ఊరు సెర్బియాకు పోయింది. మిల్టన్ ఊరు కదల్లేదు, దేశాలే ఆయన గడప ముందు మారుతూ పోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలోనైతే బితోలా ఏకంగా యుద్ధరంగం పక్కనే పడింది. 1916 నుంచి 1918 దాకా ఊరి మీద ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. అన్నను ప్లోవ్‌దివ్‌కు పంపేశారు. వీళ్లు సంతలో తీసిన ఆ నవ్వు ముఖాల్లో ఎన్ని మిగిలాయో!

యుద్ధం ముగిశాక మిల్టన్ మళ్లీ లేచాడు. అన్నతో కలిసి 1921లో ఆరుబయట సినిమా ఆడించాడు. 1923లో సొంతంగా హాలు కట్టి దానికి ఇంటిపేరే పెట్టుకున్నారు. అన్న తర్వాత సలోనికా వెళ్లి స్థిరపడి, 1954లో అక్కడే పోయాడు. 1939లో హాలు నిప్పంటుకుని కాలిపోయింది. మనమైతే అక్కడితో నడుం పడేసేవాళ్లం. ఈయన మాత్రం ఫోటోలు తీసుకుంటూ అదే ఊళ్లో బతికాడు. దాచిపెట్టినదంతా 1955లో బితోలా దస్తావేజుల భాండాగారానికి చేరింది. 17,000కు పైగా ఫోటోలు, అరవైకి పైగా సినిమా ముక్కలు! గుండ్ల నుంచీ, నిప్పు నుంచీ అవెలా తప్పించుకున్నాయో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1964లో మిల్టన్ కన్నుమూశాడు.

1979 నుంచి బితోలాలో వీళ్ల పేరిట కెమెరామెన్ల కోసం చిత్రోత్సవం జరుగుతోంది. అక్కడిచ్చే బహుమతి పేరు బంగారు కెమెరా 300. గ్రీకు దర్శకుడు యాంగెలోపులోస్ 1995లో తీసిన ‘యులిసిస్ గేజ్’ మొదలయ్యేది కూడా డెస్పినా అవ్వతోనే.

నిన్న రాత్రి ఆ నిమిషం బొమ్మని ఫోన్లో మా అత్తయ్యగారికి చూపించాను. దేశమేదో, ఊరేదో ఆవిడ అడగలేదు. అది పత్తి కాదు, ఉన్ని కదే అన్నారు. ఈ వయసులో కూడా చెయ్యి ఎంత చురుగ్గా ఆడుతోందో అని మురిసిపోయారు. కళ్లజోడు తెచ్చుకుని, మళ్లీ వెయ్యమన్నారు.