అప్పు చేయకుండా పదివేల మందిని పెంచిన తండ్రి – జార్జి ముల్లర్ గారు



పోయిన వారం వీడియోలో మత్తయి 6వ అధ్యాయం ధ్యానించాం కదా. చింతపడొద్దని మీకు చెప్పింది నేనే. ఆ రాత్రి నిద్రపట్టనిదీ నాకే! బాబు ఫీజు, ఇంటద్దె, చీటీ వాయిదా... వేళ్ల మీద లెక్కేసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు దేవుడు నాకు గుర్తు చేసిన మనిషి జార్జి ముల్లర్ గారు.

ఆయన 1805లో ప్రష్యా దేశంలో, అంటే ఇప్పటి జర్మనీలో పుట్టారు. తండ్రి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. కొడుకేమో ఆ డబ్బులోంచే దొంగిలించేవాడు. 16 ఏళ్లకే హోటళ్లలో దిగి బిల్లు ఎగ్గొట్టినందుకు జైలుకి కూడా వెళ్లాడు. అలాంటి కుర్రాడు 1825లో హాలే పట్టణంలో చదువుకుంటూ ఒక ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకి వెళ్లాడు. మోకరించి ప్రార్థించే మనిషిని అక్కడ చూశాడు. ఆ రాత్రితో అతని బ్రతుకు మారిపోయింది.

తర్వాత ముల్లర్ గారు ఇంగ్లండు వచ్చి కాపరి అయ్యారు. 1830లో మేరీ గ్రోవ్స్ గారిని పెళ్లి చేసుకున్నారు. చర్చిలో సీట్లకు అద్దె తీసుకొని తనకు జీతం ఇవ్వడం పేదవాళ్లకు న్యాయం కాదని ఆ జీతాన్నే వదిలేశారు. ఇక్కడ మన తెలుగువాళ్లకొక మాట. మేరీ గారి అన్న ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ గారే 1836లో బౌడెన్, బీర్ దంపతులను మన దేశానికి తీసుకొచ్చారు. గోదావరి తీరాన నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త పని చేసింది వాళ్లే.

అదే 1836లో ముల్లర్ గారు బ్రిస్టల్ నగరంలో ఒక అద్దె ఇంట్లో అనాథ పిల్లల గృహం తెరిచారు. నియమాలు రెండు. డబ్బు కావాలని ఏ మనిషినీ అడగకూడదు, అప్పు చేయకూడదు. దేవుణ్ణే అడగాలి.

సులువుగా గడిచిందనుకోకండి. అంతకు ముందు ఏడాదే తన పసిబిడ్డను మట్టికి అప్పగించారు. 1838లో డబ్బు పూర్తిగా అయిపోయింది. అప్పుడు తోటి పనివారిని కూర్చోబెట్టి ఉన్న పరిస్థితి దాచకుండా చెప్పారు. అందరూ కలిసి ప్రార్థించారు, తమ దగ్గరున్న కాస్తా ఇచ్చారు. రొట్టెకీ పాలకీ వారానికోసారి ఇచ్చే పద్ధతి మాని, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చేశారు. చేతిలో లేకపోతే కొనలేదు. అయినా పిల్లలు పస్తులుండలేదు.

1870 నాటికి ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద భవనాలు లేచాయి. రెండు వేల మందికి పైగా పిల్లలకు చోటు! ఆయన జీవితకాలంలో పదివేల మందికి పైగా అనాథలు అక్కడ పెరిగారు. దాదాపు 15 లక్షల పౌండ్లు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. వచ్చిన ప్రతి కానుకకీ లెక్క రాసి, నివేదికలు అచ్చు వేయించారు. 1898లో ఆయన చనిపోయినప్పుడు మిగిలిన ఆస్తి సుమారు 170 పౌండ్లు.

ప్రియులారా, నన్ను తాకింది ఈ చివరి లెక్కే. తండ్రి డబ్బు దొంగిలించిన చేతికే దేవుడు అంత డబ్బు అప్పగించాడు. ఆ చెయ్యి తనకోసం మూసుకోలేదు. విశ్వాసం ఉంటే ధనవంతులమైపోతామని ఈ జీవితం నేర్పడం లేదు. లెక్క శుభ్రంగా ఉంచుకొని, అప్పుకి పరుగెత్తకుండా, రేపటిని తండ్రి చేతిలో పెట్టమంటోంది.

మర్నాడు పొద్దున్నే నా ఖర్చుల పుస్తకం మా ఆవిడ ముందు పెట్టాను. ఇన్నాళ్లూ దాచిన వడ్డీ అప్పు కూడా చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం మోకరించాం. ఇది రాసేటప్పటికి ఫీజు ఇంకా సగం కట్టాలి. కానీ కొత్త అప్పు చేయలేదు, రాత్రి నిద్రపోతున్నాను.

మీ ఇంట్లో దాచిపెట్టిన లెక్క ఏదైనా ఉందా? ఈ రోజే దాన్ని దేవుని ముందు, మీ ఇంటివాళ్ల ముందు విప్పండి. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.