డిగ్రీ రాలేదు, దారి దొరికింది

ఇబ్రహీంపట్నంలో బీటెక్ చదివేటప్పుడు నా మొదటి రెజ్యూమె సీనియర్‌ది చూసి కాపీ కొట్టిందే. మీదీ అంతేనా? అయితే సరోజినీ నాయుడు గురించి తెలుసుకోవాల్సిందే.

1879లో హైదరాబాద్‌లో పుట్టిన ఆమె 12 ఏళ్లకే మద్రాస్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసయ్యారు. 1895లో, 16 ఏళ్ల వయసులో, నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లారు. ముందు లండన్‌లోని కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీ.

అప్పట్లో ఆమె కవితల నిండా ఇంగ్లండ్ పిట్టలు, చర్చి గంటలే. ఎడ్మండ్ గాస్ అనే పేరున్న విమర్శకుడు అవి చదివి, ఇలాంటివి ఇక్కడ బోలెడున్నాయి, మీ దేశం గురించి రాయమని తేల్చి చెప్పారు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న టీనేజ్ అమ్మాయి ఆ మాట వినడం ఎంత కష్టమో ఆలోచించండి. కానీ ఆమె విన్నారు.

ఈలోగా ఆరోగ్యం దెబ్బతింది. 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చారు. అదే ఏడాది డాక్టర్ గోవిందరాజులు నాయుడిని కులాంతర వివాహం చేసుకున్నారు. ఆమె కవితల్లోకి పల్లకీ బోయీలు, గాజులమ్మేవాళ్లు, హైదరాబాద్ బజార్లు వచ్చాయి. 1905లో అదే లండన్‌లో ఆమె మొదటి పుస్తకం 'ద గోల్డెన్ త్రెషోల్డ్' అచ్చయింది. 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నర్ అయ్యారు, 1949లో ఆ పదవిలోనే కన్నుమూశారు.

ఇప్పుడు మీ రెజ్యూమె ఓసారి తెరవండి. ఎవరైనా రాయగలిగే లైన్లు తీసేయండి. మన పెద్ద చెరువు నీటిమట్టం మీద మీరు చేసిన చిన్న ప్రాజెక్టు ఉంటే, అదే పైన పెట్టండి.