యల్లాప్రగడ సుబ్బారావు - రక్తకాన్సర్ పిల్లలు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (పరీక్ష తప్పిన మిత్రులు గమనించగలరు!) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చి, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1923లో అమెరికా వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. హార్వర్డులో చేసిన గొప్ప పనులు మన బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉన్నవే. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే ఈ విటమిన్ స్ప్రూకు మందయింది, తమ్ముళ్ళూ అన్నలూ పోయిన పాతికేళ్ళకు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సర్ పిల్లలకు ఈ జాతి మందులే ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా రేగింది. ఇంకొకరయితే అంతటితో వదిలేసేవారు. ఫోలిక్ ఆమ్లం ఆ కణాలకు మేత అవుతోందంటే, దాన్ని అడ్డుకొనే మందు కావాలని ఫార్బర్‌కు తోచింది. రోగి మంచం దగ్గర పుట్టిన ఆ ప్రశ్నకు లెడర్లీ జవాబు అమినోప్టెరిన్. చూపుకు అది అచ్చం ఫోలిక్ ఆమ్లమే. పుచ్చు విత్తనాన్ని మంచిదనుకొని విత్తిన సేద్యగాడి మాదిరి, కణం దాన్ని పట్టుకొని కొత్త డి.ఎన్.ఏ. చేసుకోలేక నిలిచిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అయితే అది కొన్ని నెలల ముచ్చటే, జబ్బు తిరగబెట్టింది. అంతా సుబ్బారావుగారొక్కరే చేశారని మనవాళ్ళు రాసుకుంటారు గాని, ఫార్బర్ లేనిది, కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు లేనిది ఆ మందు పిల్లల దాకా పోయేది కాదు. ఆ ఆగస్టులోనే 53వ ఏట సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూశారు.

అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను తక్కిన మందులతో కలిపి ఇవ్వడం వల్ల, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తకాన్సర్ నేడు మంచి వసతులున్న దేశాల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి నయమవుతోంది. ఫార్బర్ మందుతో ఆగక డాక్టరు, నర్సు, ఇంటి కష్టం చూసే సాంఘిక కార్యకర్త ఒకే కప్పు కింద ఉండేటట్టు చేశాడు. చికిత్స రెండు మూడేళ్ళు సాగాలి. మా గుత్తి పక్క పల్లెల నుండి కర్నూలుకో బెంగుళూరుకో బిడ్డనెత్తుకొని పోవాలంటే, విత్తే కారులో ఆ పూట కూలీ పోతుంది, రైలు ఖర్చు మీదబడుతుంది. బిడ్డ కాస్త తేరుకోగానే చాలనుకొని మధ్యలో మానేసేవాళ్ళున్నారు.