పంతుళ్లకు పాఠం చెప్పేదెవరు? సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితంలో మనకు పనికొచ్చే ఒక అధ్యాయం

సింధనూరు: ఏటా సెప్టెంబరు 5న బడుల్లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోకు దండ వేస్తాం. ఆ రోజు పిల్లలే పంతుళ్లై పాఠాలు చెబుతారు. మాస్టారుగా మొదలై రాష్ట్రపతి అయిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. కానీ ఆయన కూడా ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యార్థిగా బల్ల మీద కూర్చున్నారు. నలభై ఏళ్ల తర్వాత, అలాంటి కళాశాలల్లో పాఠం చెప్పేవారు ఎలాంటివారై ఉండాలో దేశానికి సూచించిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. మన క్యాంపుల్లో బి.ఎడ్. చదివిన, చదువుతున్న పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వారు ఈ కథ తెలుసుకోవాలి.

తెలుగు ఇంటి బిడ్డ

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. ఇంట్లో మాట తెలుగు. తండ్రి వీరాస్వామి జమీందారు దగ్గర చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మ. తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి 1960లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. ఊరు కదలకుండానే రాష్ట్రం మారడం ఎలా ఉంటుందో మన రాయచూరు జిల్లాకూ తెలుసు. నిజాం రాజ్యం పోయి హైదరాబాదు రాష్ట్రం, 1956లో మైసూరు రాష్ట్రం, 1973 నుంచి కర్ణాటక అయింది.

తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూరీస్ కళాశాల, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కళాశాల. డబ్బుకు ఇబ్బందే. స్కాలర్‌షిప్పులతోనే చదువు సాగింది. చదువు ముగించిన బంధువొకరు తన తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చారు కాబట్టి ఆ సబ్జెక్టే తీసుకున్నారు. ఎం.ఏ.లో వేదాంతంలోని నీతి మీద రాసిన వ్యాసం 1908లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవై.

సైదాపేటలో శిక్షణ

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనను ఎల్.టి. శిక్షణ కోసం సైదాపేట టీచర్స్ కళాశాలకు పంపింది. ఈనాటి బి.ఎడ్.కు అది పాత రూపం. అక్కడ మనస్తత్వశాస్త్రం ఒక పాఠ్యాంశం. ఈ కుర్రవాడికి ఆ విషయంలో ఉన్న పట్టు చూసి అక్కడి అధ్యాపకుడు ఆ తరగతులకు రానక్కర్లేదన్నారు. అంతటితో ఆగలేదు. తోటి విద్యార్థులకు ఆ విషయం మీద ఉపన్యాసాలు చెప్పమని కోరారు. ఆ ఉపన్యాసాలే 1912లో ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ అనే పుస్తకంగా వెలువడ్డాయి.

పంతుళ్లు కాబోయేవారికి పాఠం చెప్పిన ఆ పని కొద్దికాలమే సాగింది. అయినా ఒక సంగతి గమనించాలి. విషయం తనకంటే బాగా తెలిసిన విద్యార్థి ఎదురైతే అతని చేతికే సుద్దముక్క ఇచ్చిన ఆ అధ్యాపకుడిది గొప్ప మనసు. శిక్షణ కళాశాలకు కావలసిన గుణం అదే.

మైసూరు గౌరవం

తర్వాత అనంతపురం, రాజమండ్రి కళాశాలల్లో పనిచేశారు. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు తత్వశాస్త్ర ఆచార్యులుగా వచ్చారు. మైసూరు విశ్వవిద్యాలయం పెట్టి అప్పటికి రెండేళ్లే. కన్నడ విద్యార్థుల మధ్య ఈ తెలుగు మాస్టారు మూడేళ్లు ఉన్నారు. కఠినమైన విషయాన్ని తేట మాటల్లో విప్పి చెప్పేవారని పేరు. సాయంత్రం ఇంటికి వచ్చే విద్యార్థులకు తలుపు తెరిచే ఉండేది. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు విద్యార్థులు ఆయన బండికి పూలు కట్టి, గుర్రాలు విప్పేసి, తామే రైల్వే స్టేషను దాకా లాక్కెళ్లారు. ఆయన మాతృభాష ఏదని వాళ్లెవరూ లెక్కపెట్టలేదు. కన్నడనాట స్థిరపడిన మనకు ఇది గర్వించదగిన ఘట్టం.

కలకత్తాలో ఉండగా భారతీయ తత్వశాస్త్రం మీద రెండు సంపుటాల గ్రంథం 1923, 1927ల్లో వచ్చింది. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులయ్యారు. 1936 వరకు అక్కడ ఉన్న కాలంలో మంచి అధ్యాపకులను వెతికి తెచ్చారు. బెంగాలు నుంచి హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వచ్చారు. రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం పనిచేశారు. ముఖర్జీ తర్వాతి రోజుల్లో కమ్యూనిస్టు ఎంపీగా ప్రసిద్ధులయ్యారు. ప్రాంతం, మతం, రాజకీయం పక్కనపెట్టి, చదువు చూసి మనిషిని ఎంచుకున్న కాలం అది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యపదవి, 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉపాధ్యక్ష పదవి.

1949 నాటి సూచన

స్వతంత్రం వచ్చాక 1948 నవంబరులో కేంద్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా సంఘాన్ని వేసి, రాధాకృష్ణన్‌ను అధ్యక్షుడిగా నియమించింది. జాకిర్ హుస్సేన్, లక్ష్మణస్వామి మొదలియార్, మేఘనాథ్ సాహా సభ్యుల్లో ఉన్నారు. 1949 ఆగస్టులో నివేదిక ఇచ్చారు. అందులో ఉపాధ్యాయ శిక్షణ గురించి ఉన్న భాగం చిన్నదే కానీ సూటిగా ఉంది. శిక్షణలో బడిలో పాఠం చెప్పే సాధనకు ఎక్కువ సమయం ఇవ్వాలి. మార్కుల్లోనూ దానికే బరువు ఉండాలి. సిద్ధాంత పాఠాలు స్థానిక పరిస్థితులకు తగ్గట్టు మారాలి. శిక్షణ కళాశాలల్లో బోధించేవారిని ఎక్కువగా బడిలో స్వయంగా పనిచేసినవారి నుంచే తీసుకోవాలి. కొన్నేళ్లు పాఠం చెప్పాకనే ఎం.ఎడ్.కు అనుమతించాలి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. రాధాకృష్ణన్ చేసిన బోధన ఉద్యోగాలన్నీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లోనే. అంత పెద్ద పండితుడు సంతకం చేసిన నివేదిక, పంతుళ్లను తయారుచేయడానికి పాండిత్యం ఒక్కటే చాలదని, బడి అనుభవం కావాలని చెప్పింది. తన దారిలో లేనిదాని విలువను గుర్తించడం పెద్దతనం.

ఆ తర్వాతి కథ తెలిసిందే. మాస్కోలో రాయబారి, 1952 నుంచి ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

మన ముందున్న పని

ఆ సూచనలో సగమే నడిచింది. 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్లదైంది, అందులో ఇరవై వారాలు బడిలో గడపాలన్నారు. బి.ఎడ్. అధ్యాపకులకు మాత్రం పీజీ, ఎం.ఎడ్.లలో 55 శాతం మార్కులు కావాలన్నారు కానీ, బడిలో ఇన్నేళ్లు పనిచేసి ఉండాలన్న షరతు పెట్టలేదు. డిగ్రీ మీద డిగ్రీ చేసి, బడిపిల్లల ముందు నిలబడకుండానే శిక్షకులు కావడానికి దారి ఉంది.

దీని భారం మన పిల్లల మీద ఎక్కువ పడుతుంది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్మి వచ్చిన కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బయట కన్నడ, పుస్తకంలో ఇంగ్లీషు. ఒకటో తరగతి పిల్లవాడు మూడు భాషల మధ్య తడబడుతుంటే చేయి పట్టి నడిపించడం అనుభవం ఉన్న శిక్షకుడే కొత్త టీచరుకు నేర్పగలడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఆ మాట తరగతి గదిలో నిజం కావాలంటే అలాంటి గదిలో పనిచేసినవారు శిక్షణ కళాశాలల్లో ఉండాలి.

అందుకే పిల్లలను బి.ఎడ్.లో చేర్చేముందు ఫీజు, హాస్టలు సంగతులతో పాటు మరో మాట కూడా అడగండి. అక్కడ బోధించేవారిలో బడిలో పనిచేసి వచ్చినవారు ఎందరు? ప్రాక్టీసుకు పిల్లలను ఏ బడికి పంపుతారు? పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి తప్పులు దిద్దేదెవరు? మన క్యాంపుల్లో రిటైరైన ఉపాధ్యాయులున్నారు. వారి అనుభవాన్ని శిక్షణ కళాశాలలు వాడుకునేలా మన సంఘాలు అడగవచ్చు. వచ్చే సెప్టెంబరు 5న దండ వేయడంతో పాటు ఆ పని కూడా మొదలుపెడితే బాగుంటుంది.