నలుగురి సాయంతో సముద్రం దాటిన సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. బడిలో ఉండగానే తండ్రి పోయారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. మిత్రుల సాయంతో, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అండతో మద్రాసు మెడికల్ కాలేజీ చదువు సాగింది.

ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు బలిగొంది. అలాంటి జబ్బుల గుట్టు తెలుసుకోవాలని హార్వర్డ్‌కు వెళ్లదలిచారు. చేతిలో ఓడ చార్జీలకు కూడా డబ్బు లేదు. యానాం దగ్గరి కోరంగికి చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ రంగూన్‌లో గడించిన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోయారు. కాకినాడలోని ఆ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. మామగారు మరికొంత కూడగట్టారు. అలా 1920ల ఆరంభంలో బోస్టన్ చేరారు. అక్కడ స్కాలర్‌షిప్ దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేస్తూ చదివారు.

1930లో పీహెచ్‌డీ పొందారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశాయి. అది స్ప్రూకు మందయింది. ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అక్కడివే. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. ఆయన మందులు మాత్రం గోదావరి పల్లెలకు చేరాయి.

మెట్రిక్ తప్పినవాడని ఆనాడు దాతలు గుప్పిట మూయలేదు. మన బడి పిల్లల పైచదువుకు చందాలు పోగుచేసేటప్పుడు మార్కులతోపాటు పట్టుదలనూ చూద్దాం.