విలియం హోగార్త్

విలియం హోగార్త్ 1697 నవంబరు 10వ తేదీన లండను నగరంలోని స్మిత్‌ఫీల్డ్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి రిచర్డ్ లాటిన్ పండితుడు, బడిపంతులు. లాటిన్‌లోనే సంభాషించాలన్న నియమంతో ఆయన ఒక కాఫీశాల తెరిచాడు. పాండిత్యం పొట్ట నింపలేదు. అప్పుల పాలై ఫ్లీట్ కారాగారం చేరాడు. ఆ దుర్దినాలను గురించి హోగార్త్ పెద్దవాడైన తరువాత కూడా నోరు విప్పలేదు. అయితే ఆ కారాగారం మాత్రం అతని చిత్రాలలోకి వచ్చింది.

వెండి సామానుపై నగిషీలు చెక్కే ఎల్లిస్ గాంబుల్ వద్ద అతడు పని నేర్చాడు. 1720లో సొంతంగా వృత్తి ఆరంభించాడు. 1729లో ప్రసిద్ధ చిత్రకారుడు జేమ్స్ థార్న్‌హిల్ కుమార్తె జేన్‌ను, ఆయన సమ్మతి లేకుండానే వివాహమాడాడు.

రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన చిత్రాలకు ఆనాడు మంచి గిరాకీ ఉండేది. 1732లో హోగార్త్ వెలువరించిన ఆరు చిత్రాల వరుస అతనికి కీర్తి తెచ్చింది; దానితోపాటే దొంగనకళ్ళనూ తెచ్చింది. కష్టం ఒకరిది, లాభం మరొకరిది అయింది. అతడు తోటి కళాకారులతో కలిసి పార్లమెంటును ఆశ్రయించాడు. ఫలితంగా వచ్చిన చట్టం 1735 జూన్ 25న అమలులోకి వచ్చి, చిత్రంపై చెక్కినవానికి 14 ఏళ్ళ హక్కు ప్రసాదించింది. తన కొత్త చిత్రాల వరుసను హోగార్త్ ఆ రోజు వరకు బయటపెట్టలేదు. తండ్రి గతి ఎరిగినవాడు కదా!

1741లో అతడు వెలువరించిన చిత్రం పేరు 'కోపోద్రిక్తుడైన సంగీతకారుడు'. ఖరీదైన దుస్తులు ధరించిన వయొలిన్ విద్వాంసుడు కిటికీ వద్ద చెవులు మూసుకొని నిలిచాడు. క్రింద వీధి హోరెత్తుతున్నది. చంటిబిడ్డను ఎత్తుకొని ఒక పేదరాలు పాట పాడుతున్నది. ఊరూరా తిరిగే వాద్యకారుడొకడు సన్నాయిని పోలిన వాద్యం ఊదుతున్నాడు. బాలుడు డోలు మోగిస్తున్నాడు. కత్తులు సానపట్టేవాడు, తలపై పాలపాత్రతో గొల్లపడుచు, కొమ్ము ఊదే రౌతు, అందరూ అక్కడే ఉన్నారు.

విద్వాంసునికి అది రొద. క్రింద ఉన్నవారికి అది కూడు. హోగార్త్ ఎవరి పక్షం వహించాడో స్పష్టంగా చెప్పలేదు గాని, గోడపై 'బెగ్గర్స్ ఒపేరా' ప్రకటన అతికించి వదిలాడు. 1728లో లండనును ఉర్రూతలూగించిన ఆ నాటకంలోని పాటలకు బాణీలు అధికంగా జనం నోట నలిగిన గేయాల నుండి తీసుకొన్నవే. వీధిలో చెవులు మూసుకొన్న పెద్దలే రంగస్థలం ముందు డబ్బిచ్చి వాటిని విన్నారు!

హోగార్త్ 1764 అక్టోబరులో మరణించాడు. చిజ్విక్‌లో అతనిని సమాధి చేశారు. సంతానం లేదు. రాగిరేకులు భార్యకు దక్కాయి. 1767లో పార్లమెంటు వాటిపై ఆమెకు ప్రత్యేకంగా 20 ఏళ్ళ హక్కునిచ్చింది. భర్త చిత్రాలను అచ్చువేయించి అమ్ముకుంటూ జేన్ 1789 వరకు జీవించింది.