ఉరిశిక్ష నుంచి లోక్‌సభ వరకు: మన్యం వీరుడు గాం మల్లుదొర

అండమాన్ దీవులలోని సెల్యులార్ జైలును సందర్శించే తెలుగువారు అక్కడ స్మరించుకోవలసిన పేర్లలో గాం మల్లుదొర పేరు ముఖ్యమైనది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగిన మన్యం తిరుగుబాటులో పాల్గొని, ద్వీపాంతర శిక్ష అనుభవించి, స్వతంత్ర భారత తొలి లోక్‌సభలో సభ్యుడైన గిరిజన యోధుడాయన.

మల్లుదొర స్వగ్రామం విశాఖ మన్యంలోని బట్టిపనుకుల. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు సాగుకు, అటవీ ఫలసాయానికి అడ్డుకట్ట వేసింది. దీనికి తోడు నర్సీపట్నం - చింతపల్లి రహదారి నిర్మాణంలో గూడెం అధికారి బాస్టియన్ కూలీలకు నామమాత్రపు వేతనమిచ్చి వెట్టిచాకిరీ చేయించాడు. మునసబు పదవి కోల్పోయిన అన్న గంతందొరతో కలిసి మల్లుదొర సీతారామరాజు పక్షాన నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో తిరుగుబాటు ఆరంభమైంది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాల నుంచి తుపాకులు, మందుగుండు స్వాధీనం చేసుకున్నారు. 1923 సెప్టెంబరులో మల్లుదొర నడింపాలెం వద్ద పట్టుబడ్డారు. 1924 మే 7న సీతారామరాజు, ఆ మరుసటి నెలలో గంతందొర అమరులయ్యారు. మల్లుదొరకు విధించిన ఉరిశిక్షను అనంతరం అండమాన్ ప్రవాస శిక్షగా మార్చారు. అన్నను, నాయకుడిని కోల్పోయిన ఆ యోధుడు సుమారు 13 ఏళ్లు శిక్ష అనుభవించారు.

1896లో ప్రారంభమై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ఏడు విభాగాలు, దాదాపు 700 ఒంటరి గదులు ఉండేవి. ఒక విభాగపు గదుల ముఖద్వారం మరో విభాగపు వెనుక గోడకు ఎదురుగా ఉండడం వల్ల ఖైదీకి ఖైదీ కనిపించే అవకాశం లేదు. నేడు మూడు విభాగాలు మాత్రమే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారకంగా జాతికి అంకితం చేశారు.

విడుదలైన మల్లుదొర 1952 ఎన్నికలలో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఏ ప్రభుత్వం తనకు ఉరిశిక్ష విధించిందో, ఆ ప్రభుత్వం వైదొలగిన దేశంలో ఆయన చట్టసభ సభ్యుడిగా ప్రమాణం చేశారు. 1969లో ఆయన కన్నుమూశారు.

2022లో ఏర్పాటైన అల్లూరి సీతారామరాజు జిల్లా నాయకుని పేరును చిరస్థాయి చేసింది. ఆయన వెంట నడిచి, ప్రాణాలతో మిగిలి, ఆ పోరాటానికి సజీవ సాక్షిగా నిలిచిన మల్లుదొర జీవితాన్ని కూడా నేటి తరానికి తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.